జిర్కాటాంగ్ గేటు ముందు కొత్త డ్రైవరు

అండమాన్ నికోబార్ దీవుల పేరు ఢిల్లీలో వినిపించిందంటే చర్చ వెంటనే గ్రేట్ నికోబార్ వైపు మళ్లుతుంది. గలాథియా అఖాతంలో కట్టదలచిన కంటెయినర్ రేవు, తొలి అంచనాలోనే 72,000 కోట్ల రూపాయలు పలికిన ప్రాజెక్టు వ్యయం, కూలబోయే అడవి, షోంపెన్ల భవితవ్యం... వీటిపై పాలక, ప్రతిపక్షాలు వాదించుకోవలసిందే. కాని ఓడ దిగిన సరుకును ఊరి అంగడి దాకా చేర్చే మనిషి ఆ వాదనలో ఎక్కడా కనబడడు. రేవు కట్టవలసిందే తప్ప లారీ నడిపేవాడు తనంతట తానే పుట్టుకొస్తాడని అందరి ధీమా.

ఆ ధీమా ఎంత పలుచనిదో చూడాలంటే నికోబార్ దాకా పోనక్కరలేదు. దక్షిణ అండమాన్‌లోని ఫెరార్గంజ్ చాలు. 1920లలో దీవులను పాలించిన చీఫ్ కమిషనర్ ఫెరార్ పేరు మోస్తున్న ఊరు ఇది. నేరస్థ జాతిగా ముద్రవేసి యునైటెడ్ ప్రావిన్సుల నుంచి తరలించిన భాంటూలను తెల్లదొరలు ఈ పరిసరాల్లోనే దింపారు. దేశవిభజన తరువాత తూర్పు బెంగాల్ శరణార్థులు దక్షిణ అండమాన్‌లో భూములు పొందారు. శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల నుంచి ఓడెక్కిన తెలుగువారు దీవులంతటా స్థిరపడ్డారు. 2011 జనగణన ప్రకారం దీవుల జనాభాలో తెలుగు మాతృభాషగా గలవారు సుమారు 13 శాతం. బియ్యం మొదలు సిమెంటు దాకా ప్రధాన భూభాగం నుంచి ఓడల్లో రావలసిందే. వచ్చినది శ్రీవిజయపురం రేవు నుంచి, అంటే 2024 సెప్టెంబరు దాకా పోర్ట్ బ్లెయిర్‌గా ఉన్న నగరం నుంచి, ఉత్తరాన ఉన్న రంగత్, మాయాబందర్, దిగ్లీపూర్‌లకు వెళ్లాలంటే అండమాన్ ట్రంక్ రోడ్డే ప్రధాన ఆధారం. ఆ రోడ్డు ఫెరార్గంజ్ మీదుగానే పోతుంది.

ఈ ఊళ్లో పద్దెనిమిదేళ్లు నిండిన ఒక తెలుగు యువకుడు లారీ డ్రైవరు కావాలనుకున్నాడని అనుకుందాం. మోటారు వాహనాల చట్టం, 1988 అతనికి చూపే దారి కాగితం మీద తిన్ననిది. పద్దెనిమిదేళ్లకు తేలికపాటి వాహనం లైసెన్సు తీసుకోవచ్చు. అది చేతికొచ్చి ఏడాది గడిస్తేగాని రవాణా వాహనానికి ఎల్‌ఎల్‌ఆర్ ఇవ్వరు. ఇరవై ఏళ్లు నిండితేగాని రవాణా వాహనం నడపనివ్వరు. గుర్తింపు పొందిన డ్రైవింగ్ స్కూలు నుంచి ధ్రువపత్రం కావాలి. ఎనిమిదో తరగతి చదివి ఉండాలన్న నిబంధనను 2019లో తొలగించారు. బడి మధ్యలో మానేసిన లక్షలాది మందికి ఆ తలుపు తెరవడం సబబే. అయితే తరగతి గది అవసరం లేదన్న ప్రభుత్వం, దాని స్థానంలో మరొక తరగతి గదిని చూపించాలి కదా?

ఆ ధ్రువపత్రం ఇవ్వడానికి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు కోరే శిక్షణ 30 రోజులు. అందులో స్టీరింగ్ పట్టుకుని నడపవలసిన కనీస సమయం 15 గంటలు. మూరెడు గుంటలో ఈత నేర్పి సముద్రంలో వదలడమంటే ఇదే.

అసలు శిక్షణ ఎక్కడ జరుగుతుందో లారీ ఎరిగిన ప్రతివారికీ తెలుసు. అది క్లీనర్ సీటులో జరుగుతుంది. పద్దెనిమిది నుంచి ఇరవై దాకా చట్టం ఖాళీగా వదిలేసిన ఆ రెండేళ్లూ కుర్రవాడు తాడు బిగించడం, టార్పాలిన్ కప్పడం, స్టెప్నీ మార్చడం, వెనక్కు తీసేటప్పుడు బాడీ మీద తట్టి సైగ చేయడం నేర్చుకుంటాడు. లోడు బండి దిగుడు దారిలో న్యూట్రల్‌లో వదలరాదని, ఎక్కిన గేరులోనే దిగాలని, బ్రేకు మీదే కాలుంచితే డ్రమ్ములు వేడెక్కి అసలు సమయానికి పట్టవని అతనికి చెప్పేది గురువులాంటి పాత డ్రైవరే, పుస్తకం కాదు. ఇది గౌరవించదగిన గురుకులం. కాని ఇక్కడ గురువు అలవాట్లన్నీ శిష్యుడికి సంక్రమిస్తాయి. నిద్రను టీతోనూ గుట్కాతోనూ ఆపడం, లోడు తూకం పట్టించుకోకపోవడం కూడా పాఠాల్లో భాగమే. జీతమా అంటే, భోజనం, బత్తా. నేర్చుకుంటున్నాడన్న పేరుతో చేయించుకునే చాకిరీకి లెక్కాపత్రం ఉండదు.

ఫెరార్గంజ్ కొత్త డ్రైవరుకు మిగతా దేశంలో ఎవరికీ లేని పరీక్ష మరొకటి ఉంది. తహసీలులోనే ఉన్న జిర్కాటాంగ్ దగ్గర రోడ్డు జారవా గిరిజనుల రిజర్వులోకి ప్రవేశిస్తుంది. అక్కడి నుంచి మిడిల్ స్ట్రెయిట్ దాకా సుమారు 49 కిలోమీటర్లు నిర్ణీత వేళల్లో పోలీసు రక్షణతో కాన్వాయ్‌గానే పోవాలి. గంటకు 40 కిలోమీటర్లు మించరాదు. దాటరాదు, ఆగరాదు, ఫోటో తీయరాదు, తినుబండారం ఇవ్వరాదు. రోడ్డు మీదకు జారవాలు వస్తే ఏం చేయాలన్నది గేరు మార్చడం కన్నా కష్టమైన విద్య. ఆపైన మిడిల్ స్ట్రెయిట్ దగ్గర లారీని వాహనాల ఫెర్రీ మీదకు ఎక్కించాలి. సముద్రపు పోటుపాట్లను బట్టి ర్యాంపు వాలు మారుతుంటుంది. హంఫ్రీ జలసంధిపై వంతెన కట్టడంతో బారాటాంగ్ అవతలి వైపు ఆ తిప్పలు తప్పాయి. ఇవతలి వైపు ఇంకా తప్పలేదు. నైరుతి, ఈశాన్య రుతుపవనాలు రెండూ తడిపే నేలలో ఈ ప్రయాణాన్ని ఇరవై ఏళ్లవాడు ఏ పాఠ్యక్రమంలో నేర్చుకోవాలి? దేశమంతటికీ ఒకే ముద్ర వేసిన ఆ పదిహేను గంటల్లో జారవా అన్న మాటకు చోటుందా?

1999లో జారవాల మీద పొంగు విరుచుకుపడింది. 2006లో మళ్లీ వచ్చింది. 2011 జనగణనలో వారి సంఖ్య 380. అంత చిన్న సమూహానికి బయటివారి దగ్గు సైతం ప్రమాదమే. ఆ దగ్గును అడవిలోకి మోసుకుపోగల మనిషి రోజూ స్టీరింగ్ వెనుక కూర్చుంటున్నాడు. అతనికి ఏం చెప్పారన్నది ప్రాణసమస్య.

2002 మే 7న సుప్రీంకోర్టు, శేఖర్ సింగ్ కమిషన్ సిఫారసుల ఆధారంగా, జారవా రిజర్వు గుండా పోయే భాగాన్ని మూసివేయాలని ఆదేశించింది. పాలనా యంత్రాంగం మూయలేదు. 2012 జనవరిలో బ్రిటన్ పత్రిక అబ్జర్వర్ ఒక వీడియోను బయటపెట్టి, పర్యాటకుల వినోదం కోసం జారవా స్త్రీలను ఆడించిన వైనం చూపింది. దేశం సిగ్గుపడింది. 2013 ఆరంభంలో కొద్ది వారాలు పర్యాటకుల రాకపోకలు ఆగి, మళ్లీ సాగాయి. ఇన్నేళ్ల వాదోపవాదాల్లో కేంద్రం, హోం శాఖ, లెఫ్టినెంట్ గవర్నరు కార్యాలయం, స్వచ్ఛంద సంస్థలు అందరూ మాట్లాడారు. సరుకును ఓడలోనే రంగత్, మాయాబందర్ దాకా చేర్చి అక్కడి నుంచి లారీలకు ఎక్కించే మార్గం అందరికీ తెలిసినదే. పర్యాటకానికి ఆ రోడ్డు అక్కరలేదు. సరుకుకు కూడా చాలామట్టుకు అక్కరలేకుండా చేయవచ్చు. అలా చేసిన నాడు దూరప్రయాణపు కిరాయి మీద బతికే ఫెరార్గంజ్ డ్రైవరు ఏం కావాలి? ఆ ప్రశ్నకు జవాబు ముందుగా రాసిపెట్టని ప్రభుత్వం కోర్టు తీర్పును అమలు చేయలేదు, డ్రైవరునూ కాపాడలేదు. రెండు వైపులా చేతకానితనమే.

ఢిల్లీ ఇటీవల చేసిన చట్టాల సంగతీ ఇంతే. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు ఎనిమిది గంటలు, వారానికి 48 గంటలు అని హద్దు గీసింది, అదీ ఐదుగురు లేదా అంతకు మించి కార్మికులున్న చోట. దేశంలో లారీ యజమానుల్లో అత్యధికులు ఒకటి రెండు బండ్లవారే కనుక ఆ హద్దు చాలామంది దాకా చేరనేలేదు. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల కోడ్ ఆ చట్టాన్ని తనలో కలుపుకుని ఆ సంఖ్యను పదికి పెంచింది. సంస్కరణ అన్న పేరుతో రక్షణ గొడుగును కుదించడం ఇది. ఏ కార్మిక సంఘమూ లేని ఇరవై ఏళ్లవాడు గొడుగు బయటే పుడుతున్నాడు.

శిక్షల విషయంలో మాత్రం ఈ పిసినారితనం లేదు. భారతీయ న్యాయ సంహిత 106(2) ప్రకారం, నిర్లక్ష్యంగా నడిపి మరణానికి కారణమై, పోలీసుకో మేజిస్ట్రేటుకో చెప్పకుండా పారిపోయిన డ్రైవరుకు పదేళ్ల దాకా జైలు. పాత శిక్షాస్మృతి 304ఏ కింద గరిష్ఠ శిక్ష రెండేళ్లు. 2024 జనవరి మొదటి వారంలో దేశవ్యాప్తంగా డ్రైవర్లు బండ్లు ఆపేశారు, హైదరాబాద్‌లో పెట్రోలు బంకుల ముందు బారులు తీరాయి. హోం శాఖ దిగివచ్చి చర్చలు జరిపింది. ఆ ఏడాది జూలై 1న సంహిత అమల్లోకి వచ్చినా ఆ ఒక్క ఉపనిబంధనను పక్కన పెట్టారు. చచ్చినవాడి కుటుంబానికి న్యాయం కావాలనడంలో రెండో మాట లేదు. కాని డ్రైవరు ఎందుకు పారిపోతాడు? దగ్గరలో నిలబడితే గుంపు కొట్టి చంపుతుందన్న భయం. ఆ భయాన్ని తొలగించే ఏర్పాటు లేకుండా శిక్షను ఐదింతలు చేయడం, గాయానికి మందు రాయకుండా కట్టును బిగించడమే.

చేయగలిగినవి లేవా? రాజన్న సిరిసిల్ల జిల్లా మండేపల్లిలో తెలంగాణ ప్రభుత్వం ఒక లారీ తయారీ సంస్థతో కలిసి డ్రైవింగ్ శిక్షణ సంస్థ నెలకొల్పింది. అలాంటిదొకటి దక్షిణ అండమాన్‌లో ఉంటే, పదిహేను గంటలను నాలుగైదు నెలలు చేసి, క్లీనర్‌గా గడిపే కాలాన్ని వేతనంతో కూడిన అప్రెంటిస్‌గా గుర్తించి, ఫెర్రీ ర్యాంపునూ, కాన్వాయ్ నియమాలనూ, జారవాల ఎదుట ప్రవర్తనను కూడా పరీక్షలో చేర్చవచ్చు. రిజర్వులోకి పోయే ప్రతి కొత్త డ్రైవరుకూ ఆరోగ్య పరీక్ష తప్పనిసరి చేయవచ్చు. పెద్ద ఖర్చేమీ కాదు. గలాథియా రేవు లెక్కల్లో అది దశాంశ స్థానం కూడా కాదు.

కాని అడిగేవారెవరు? ఈ కేంద్రపాలిత ప్రాంతానికి శాసనసభ లేదు. రవాణా మంత్రి లేడు, కనుక నిలదీయడానికి ప్రతిపక్షమూ లేదు. లోక్‌సభలో ఉన్నది ఒకే ఒక స్థానం. 2024లో గెలిచిన బిష్ణుపద రాయ్ భుజాల మీద రేవులు, ఓడలు, విమానాలు, భూముల పట్టాలు అన్నీ ఉన్నాయి. ఇరవై ఏళ్లు నిండిన ఒక డ్రైవరుకు మొదటి సంవత్సరంలో ఎవరు ఏమి నేర్పారన్న ప్రశ్నను సభలో ఆయన అడగవచ్చు. రహదారి రవాణా శాఖ లిఖితపూర్వకంగా జవాబు చెప్పక తప్పదు.