కర్త వేరు, కథానాయకుడు వేరు

గూఢచారి నవలలు వ్రాసినవానినే గూఢచారిగా చూపుట జీవితనాటకములకు వ్యసనమైనది. 2014లో బ్రిటన్ టెలివిజన్‌లో ప్రసారమైన ‘ఫ్లెమింగ్’ ఇందుకు నిదర్శనము. రెండవ ప్రపంచయుద్ధకాలమున ఇయాన్ ఫ్లెమింగ్ నౌకాదళ గూఢచార శాఖాధిపతికి సహాయకుడు. ఆయన పని ప్రధానముగా కార్యాలయమున కూర్చుండి పథకములు రచించుట. నాటకము ఆయనకు జేమ్స్ బాండ్ వేషము తొడిగినది. 1964 ఆగస్టు 12న, 56వ యేట, గుండెపోటుతో కలిగిన మరణము వరకు ఆ కథ పోలేదు. బాండ్‌కు చావు లేదు, ఫ్లెమింగ్‌కు ఉన్నది. ఆ భేదమును తెలుపు ముగింపునే విడిచిపెట్టిరి.

ఇది స్వల్పదోషమా? కర్తయే నాయకుడైనచో, అతడు కల్పించిన శత్రువులును నిజమే కావలెను. దీనికి దుర్గ్ జిల్లాలోని భిలాయియే సమాధానము. 1957లో వెలువడిన ‘ఫ్రమ్ రష్యా విత్ లవ్’ నవలలో బాండ్‌ను చంపుటకు సోవియట్ గూఢచారులు కుట్ర పన్నుదురు. ఆ సంవత్సరములలోనే, 1955 నాటి ఒప్పందము మేరకు, సోవియట్ ఇంజనీర్లు భారతీయ కార్మికులతో కలిసి భిలాయిలో ఉక్కు కర్మాగారమును నిర్మించుచుండిరి. ఆ కార్మికులలో తెలుగువారును ఉండిరి. 1959 ఫిబ్రవరి 4న మొదటి కొలిమిని రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించిరి.

నవలను నవలగా చదువువానికి ఈ రెండింటితోను చిక్కు లేదు. కర్తకు నాయకుని కిరీటము పెట్టువారు పాఠకుని వివేకమునే అపహరించుచున్నారు. వ్రాసినవాని మరణమును కూడ చూపవలెను. అప్పుడే కల్పన కల్పనగా మిగులును.