చిన్న మాటల పెద్ద మోసం

మేము రాజ్యాంగ పండితులం కాదు. వకీళ్లం అసలే కాదు. పొద్దుగాల చాయ్ తాగుకుంట పేపరు తిరగేసేటోళ్లం, నెల జీతం మీద బతికేటోళ్లం, నోటిఫికేషన్ కోసం ఎదురుచూసే పిల్లలను కన్నోళ్లం. కాని డెబ్బై ఏండ్లుగా మోసపోయి మోసపోయి మాకొక చదువు అబ్బింది. ఏ ఒప్పందం చేతికొచ్చినా పెద్ద పెద్ద మాటలు ముందుగా చదవం. అందులో ఉన్న చిన్న మాట కోసం వెతుకుతం. "తగిన సమయంలో", "వీలైనంత త్వరగా", "సాధారణంగా", "పరిశీలించాలి", "లోబడి" - ఇవీ ఆ మాటలు. షావుకారు రాసిన నోటులో వడ్డీ ఎట్ల దాక్కుంటదో, పాలకులు రాసిన కాయితంలో మోసం అట్ల ఈ మాటల సందులో దాక్కుంటది.

ఈ చదువు మనకు 1956లో మొదలైంది. అంతకు ముందు ఏడాదే ఫజల్ అలీ కమిషన్ హైదరాబాద్ రాష్ట్రాన్ని వేరుగా ఉంచుమన్నది. 1961 ఎన్నికల తర్వాత శాసనసభలో మూడింట రెండు వంతుల మంది ఒప్పుకుంటేనే ఆంధ్రతో కలపాలన్నది. ఆ మాటను పక్కకు నెట్టి 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో పెద్దమనుషుల ఒప్పందం రాసుకున్నరు. మిగులు నిధులు తెలంగాణకే ఖర్చు పెడతమన్నరు. ముల్కీ రక్షణ ఉంటదన్నరు. ముఖ్యమంత్రి ఒక ప్రాంతమైతే ఉప ముఖ్యమంత్రి ఇంకో ప్రాంతమన్నరు. అరచేతిలో వైకుంఠం చూపించిన్రు. నవంబర్ 1న రాష్ట్రం పుట్టిన నాడే ఉప ముఖ్యమంత్రి పదవి ఎగిరిపోయింది. అది ఆరో వేలు వంటిదన్నడు మొదటి ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి. మాట తప్పితే ఏ గడప తొక్కాలె? ఎవరిని అడగాలె? అది చట్టం కాదు, పెద్దమనుషుల మాట. మాట తప్పినా వాళ్ల పెద్దరికానికి లోటు రాలేదు. బతుకులు ఆగమైంది మనవి.

1969లో పిల్లలు రోడ్డు మీదికొచ్చి అడిగితే తూటాలతో జవాబు చెప్పిన్రు. 369 మంది అమరులని ఉద్యమం ఇయ్యాళటికీ లెక్క చెప్పుకుంటది. 1972 అక్టోబర్‌లో ముల్కీ నిబంధనలు చెల్లుతయని సుప్రీంకోర్టు తీర్పు చెప్తే, ఏడాది తిరగక ముందే ఆ నిబంధనలకు బదులుగా ఆరు సూత్రాలు చేతిలో పెట్టిన్రు. వాటినీ తుంగలో తొక్కిన్రు. 1985 డిసెంబర్ 30న 610 జీవో వచ్చింది. స్థానికేతరులను 1986 మార్చి 31 లోపు వెనక్కి పంపాలని తారీకు వేసి మరీ రాసిన్రు. పంపిన్రా? 2001లో గిర్‌గ్లానీ కమిషన్ వేసి ఆ జీవో ఎందుకు అమలు కాలేదో వెతకాల్సి వచ్చింది. అంటే తారీకు ఒక్కటే చాలదు. తారీకు దాటితే ఏమైతదో కూడా రాసి ఉండాలె. అది రాయలేదు.

2004లో యూపీఏ ఉమ్మడి కార్యక్రమంలో తెలంగాణ మాట వచ్చిందని సంబురపడ్డం. అందులో ఏమున్నది? "తగిన సమయంలో", "సంప్రదింపులు జరిపి", "ఏకాభిప్రాయంతో" పరిశీలిస్తమని ఉన్నది. ఒక్క వాక్యానికి మూడు తాళాలు! ఆ తగిన సమయం అయిదేండ్లు దాటినా రాలేదు. 2009 డిసెంబర్ 9న ప్రక్రియ మొదలుపెడతమన్నరు, పద్నాలుగు రోజులకే డిసెంబర్ 23న విస్తృత సంప్రదింపులు కావాలన్నరు. ఆ పద్నాలుగు రోజుల్లో మారింది తెలంగాణ కాదు, ఢిల్లీ చెవి దగ్గర గుసగుసలాడే గొంతు. చెప్పేటోడికి వినేటోడు లోకువ. మనం వినేటోళ్లం అయినన్ని రోజులు లోకువే అయినం. 2011లో 42 రోజుల సకల జనుల సమ్మె చేసి చెప్పేటోళ్లం అయినంకనే వాళ్లకు తగిన సమయం కనిపించింది.

మనకొక్కరికేనా?

ఇది మన కర్మ అనుకునేటోళ్లం. ప్రపంచం దిక్కు చూస్తే అన్ని చోట్లా ఇదే కాయితం, ఇదే సిరా.

ఉక్రెయిన్‌ను చూడండి. సోవియట్ యూనియన్ చీలిపోయినప్పుడు ప్రపంచంలో మూడో పెద్ద అణ్వాయుధాల నిల్వ ఆ దేశం గడ్డ మీద ఉండె. 1994 డిసెంబర్ 5న బుడాపెస్ట్‌లో అమెరికా, బ్రిటన్, రష్యా సంతకాలు పెట్టి, ఆయుధాలు ఇచ్చేయి, నీ సరిహద్దులను గౌరవిస్తమన్నయి. ఇంగ్లీషు కాయితంలో 'గ్యారంటీ' అనే మాట రాకుండా అమెరికా జాగ్రత్త పడ్డది. 'అష్యూరెన్స్' అని రాసింది. ఒకటి పూచీ, ఇంకోటి ఓదార్పు. ఉక్రెయిన్ ఆయుధాలు ఇచ్చేసింది. 2014లో రష్యా క్రిమియాను కలిపేసుకున్నది. 2022 ఫిబ్రవరి 24న మొత్తం దేశం మీదనే పడ్డది. సంతకం పెట్టినోడే దండెత్తి వస్తే, మిగిలిన ఇద్దరు సాయం చేసిన్రు గాని, మేము పూచీ పడలేదనే తప్పించుకునే సందు ఆ ఒక్క మాటలో వాళ్లకు మొదటి నుంచీ ఉన్నది.

స్కాట్లాండ్ సంగతి మనకు ఇంకా దగ్గర. మన రాష్ట్రం వచ్చిన మూడు నెలలకే, 2014 సెప్టెంబర్ 18న, వాళ్లు స్వాతంత్ర్యం మీద ఓటేసిన్రు. రెండు రోజుల ముందు లండన్‌లోని మూడు పెద్ద పార్టీల నాయకులు ఒక పత్రిక మొదటి పేజీ మీద ప్రమాణం చేసిన్రు. కలిసి ఉండండి, మీ పార్లమెంటుకు మరిన్ని అధికారాలు ఇస్తమన్నరు. 55 శాతం మంది కలిసి ఉండేందుకు ఓటేసిన్రు. 2016లో చట్టం వచ్చింది. మీ అధికార పరిధిలోని విషయాల మీద మీ సమ్మతి లేకుండా లండన్ పార్లమెంటు "సాధారణంగా" చట్టం చేయదు అని అందులో రాసిన్రు. ఆ ఒక్క మాట ధర ఎంతో 2017 జనవరిలో తేలింది. ఇది రాజకీయ సంప్రదాయమే, కోర్టు అమలు చేయించేది కాదన్నది బ్రిటన్ సుప్రీంకోర్టు. యూరోపియన్ యూనియన్‌లోనే ఉంటమని 62 శాతం స్కాట్లాండ్ ఓటర్లు చెప్పినా, 2020 జనవరిలో వాళ్ల పార్లమెంటు సమ్మతి నిరాకరించినా, వాళ్లను బయటికి తీసుకపోయిన్రు. ఇది పెద్దమనుషుల ఒప్పందం కాదా? తెల్లోళ్ల పెద్దమనుషులైతే మాత్రం తేడా ఏమున్నది?

ఇంట్లోకి రండి. 2023 డిసెంబర్ 11న 370 అధికరణం తీర్పులో, జమ్మూ కశ్మీర్‌కు రాష్ట్ర హోదా వీలైనంత త్వరగా తిరిగి ఇవ్వాలన్నది సుప్రీంకోర్టు. ఎన్నికలకు మాత్రం 2024 సెప్టెంబర్ 30 అని తారీకు పెట్టింది. తారీకు ఉన్నది కాబట్టి ఎన్నికలు ఆ సెప్టెంబర్‌లోనే మొదలైనయి. తారీకు లేని రాష్ట్ర హోదా రాకుండానే 2025 మొత్తం గడిచిపోయింది. లద్దాఖ్‌లో 2020 లేహ్ కౌన్సిల్ ఎన్నికల్లో ఆరో షెడ్యూల్ ఇస్తమని బీజేపీ వాగ్దానం చేసింది. అయిదేండ్లు అడిగి అడిగి జనం రోడ్డెక్కితే 2025 సెప్టెంబర్ 24న పోలీసు కాల్పుల్లో నలుగురు చచ్చిపోయిన్రు. 1969 చూసినోళ్లం, ఆ నలుగురి తల్లుల ఏడుపు మాకు ఒకరు అనువాదం చేసి చెప్పాల్సిన పని లేదు.

మన చట్టంలోని సందులు

మరి మనం కొట్లాడి తెచ్చుకున్న 2014 పునర్విభజన చట్టం? అందులోనూ ఈ మాటలున్నయి. ఖమ్మం జిల్లాలో ఉక్కు కర్మాగారం సాధ్యాసాధ్యాలను ఆరు నెలల్లో "పరిశీలించాలి". రైలు కోచ్ ఫ్యాక్టరీ సాధ్యాసాధ్యాలను ఆరు నెలల్లో "పరిశీలించాలి". గడువు ఎవరికి పెట్టిన్రో చూసిన్రా? పరిశీలనకు పెట్టిన్రు, ఫ్యాక్టరీకి కాదు! పరిశీలించినం, లాభం లేదన్నరు, బయ్యారం కథ అక్కడనే ఆగింది. కాజీపేటకు రావాల్సిన కోచ్ ఫ్యాక్టరీ కపుర్తలాకు తరలిపోయిందని ఓరుగల్లు జనం నలభై ఏండ్లుగా చెప్పుకుంటున్నరు. 2023 జులై 8న ప్రధాని వచ్చి పునాదిరాయి వేసింది వ్యాగన్ల యూనిట్‌కు.

ఇంకోటి. 26వ సెక్షన్‌లో మన అసెంబ్లీ సీట్లు 119 నుంచి 153కు పెంచాలని రాసిన్రు. కాని ముందే రాజ్యాంగం 170వ అధికరణానికి "లోబడి" అని ఒక మాట పెట్టిన్రు. ఆ అధికరణం ప్రకారం 2026 తర్వాతి జనాభా లెక్కలొచ్చే దాకా సీట్లు మారవు. అంటే ఒక చేత్తో ఇచ్చి, అదే వాక్యంలో ఇంకో చేత్తో గుంజుకున్నరు. జమ్మూ కశ్మీర్‌లో సీట్లు 83 నుంచి 90కి పెంచిన్రు గదా, మాకెందుకు పెంచరని అడిగితే, 2025 జులైలో సుప్రీంకోర్టు కుదరదన్నది. అది కేంద్రపాలిత ప్రాంతం, దానికి ఆ అధికరణం వర్తించదన్నది. కోర్టు చదివింది చట్టంలో రాసి ఉన్నదే. తప్పు రాసినోళ్లది, రాస్తుంటే చదవని మన ఎంపీలది.

అదే చట్టంలో హైదరాబాద్ ఉమ్మడి రాజధానిగా ఎన్ని రోజులుండాలె? "పదేండ్లకు మించకుండా" అని రాసిన్రు. పరిశీలన లేదు, తగిన సమయం లేదు. ఏమైంది? 2024 జూన్ 2న ఎవరూ సమ్మె చేయకుండనే, ఎవరూ ప్రాణం తీసుకోకుండనే ఆ ముచ్చట ముగిసిపోయింది. ఒకే చట్టం, ఒకే ఢిల్లీ, ఒకే సంతకం. ఒక మాట గట్టిది, ఇంకో మాట బోలుది. అంతే తేడా.

చట్టాల్లో కొంత సడలింపు ఉండాలె, అన్నీ ఇనుప ముద్రలు వేసినట్టు రాయలేమని పెద్దలు సుద్దులు చెప్తరు. మంచిది. మరి ఆ సందు ఎప్పుడూ బలవంతుని దిక్కే ఎందుకు తెరుచుకుంటది? ఒక్కసారన్నా మన దిక్కు తెరుచుకున్నదా?

మనోళ్లను అడగొద్దా?

ఢిల్లీని తిట్టి చేతులు దులుపుకుంటే మేము మా పాఠకులను మోసం చేసినట్టే. స్వరాష్ట్రంలో ఏం జరిగింది? ఏ ఇందిరా పార్కు ధర్నా చౌక్‌లో కూసుండి రాష్ట్రం అడిగినమో, 2017లో ఆ చౌక్‌నే మూసేసిన్రు. 2018లో హైకోర్టు చెప్తే తప్ప తెరుచుకోలేదు. 610 జీవో అమలు కోసం తరమంతా కొట్లాడిన ఉద్యోగులకు 2021 డిసెంబర్‌లో 317 జీవో ఇచ్చిన్రు. జిల్లాలకు పంచింది సీనియారిటీ చూసి. పుట్టిన జిల్లా ఏదన్నది వెనుకబడ్డది. స్థానికత అనే మాట మీద పుట్టిన రాష్ట్రంలో, జూనియర్ టీచర్ సొంత జిల్లాలో స్థానికేతరుడై సామాను సదురుకున్నడు. 2023 మార్చిలో సర్వీస్ కమిషన్ ప్రశ్నపత్రాలు లీకై గ్రూప్-1 ప్రిలిమ్స్ రద్దయింది. మళ్లీ పెట్టిన పరీక్షను హైకోర్టు కొట్టేసింది. అశోక్‌నగర్ గదుల్లో కిరాయి కట్టుకుంట చదివిన పిల్లల వయసును ఎవరు తిరిగి ఇస్తరు?

తర్వాత వచ్చినోళ్లు 2023 ఎన్నికల ముందు మొదటి ఏడాదిలోనే రెండు లక్షల నౌకర్లన్నరు. 2024 డిసెంబర్‌లో ఏడాది నిండింది. రెండు లక్షలు నిండలేదు. కాని ఇక్కడ ఒక సంగతి గమనించాలె. అంకె ఉన్నది, గడువు ఉన్నది. అందుకే వాళ్లు తప్పించుకోలేకపోతున్నరు. అసెంబ్లీలోనైనా, చాయ్ హోటల్ కాడనైనా లెక్క చెప్పుమని గల్లా పట్టి అడగగలుగుతున్నం.

ముందున్న గండం

రేపటి గండం నియోజకవర్గాల పునర్విభజన. 2025 ఫిబ్రవరి 26న కోయంబత్తూరులో కేంద్ర హోం మంత్రి అమిత్ షా, దామాషా ప్రకారం దక్షిణాదికి ఒక్క సీటు కూడా తగ్గదన్నడు. మా అలవాటు ప్రకారం చిన్న మాట దగ్గర ఆగినం. దామాషా అంటే దేని దామాషా? ఇయ్యాళ మనకున్న వాటా దామాషానా, జనాభా దామాషానా? ఆ సభలో అది చెప్పలేదు. లెక్క చూడండి. లోక్‌సభలో 543 సీట్లకు మనవి 17. అంటే వందకు మూడు. కొత్త పార్లమెంటు భవనంలో లోక్‌సభకు 888 కుర్చీలు వేసిన్రు. అవన్నీ నిండి మనవి 17 గానే ఉన్నయనుకోండి. ఒక్క సీటు కూడా తగ్గలేదు, మాట తప్పలేదు. కాని మన గొంతు వందకు రెండు కూడా లేకుండ పోతది. కుటుంబ నియంత్రణ పాటించుమంటే పాటించినందుకు ఇదా బహుమానం?

2025 మార్చి 27న మన అసెంబ్లీ తీర్మానం చేసింది. మంచిదే. కాని తీర్మానాలు ఎన్ని చూసినం! మాకు కావాల్సింది మూడు మేకులు. ఒకటి, అంకె. రెండు, తారీకు. మూడు, మాట తప్పితే ఏం జరుగుతదో అదే కాయితం మీద రాసి ఉండాలె. 1956లో మూడో మేకు లేదు, 1985లో మూడో మేకు లేదు, 2014లో బయ్యారానికి మూడింట్లో ఒక్కటి కూడా లేదు.

విద్యార్థులారా, ఉద్యోగ సోదరులారా, అక్కచెల్లెండ్లారా! రేపు ఏ పార్టీ వాడు మీ గడప కాడికొచ్చి కాయితం ఇచ్చినా దండ వేసే ముందు చదవండి. తగిన సమయంలో అంటే, ఏ రోజు అని అడగండి. పరిశీలిస్తమంటే, పరిశీలించినంక ఇస్తరా అని అడగండి. లోబడి అంటే, దేనికి అని అడగండి. జవాబు లేకపోతే ఆ కాయితం వాని చేతిలోనే పెట్టి పంపండి. రాష్ట్రం తెచ్చుకునేటందుకు ప్రాణాలిచ్చినోళ్లు ఉన్నరు. దాన్ని కాపాడుకునేటందుకు ప్రాణాలు అక్కర్లేదు, కండ్లు తెరిచి చదివితే చాలు.

జై తెలంగాణ!