గ్యాస్ కమ్ హై సాబ్!

దోస్తులారా, పాత కారు ఉన్న ప్రతి ఒక్కరూ ఈ జుమ్లా వినే ఉంటారు. ఏసీ చల్లగా రావట్లేదని దుకాణం ముందు బండి ఆపుతాం. కుర్రాడు వస్తాడు, బానెట్ లేపుతాడు. ఒక్క పైపు ముట్టుకోడు, ఒక్క లీవర్ కదిపి చూడడు. "గ్యాస్ కమ్ హై సాబ్" అంటాడు. మనం "అచ్ఛా, భర్ దో" అంటాం. పైసల్ ఖతమ్. వారం తిరిగేసరికి ఠండక్ కూడా ఖతమ్.

ఈ జుమ్లా చాలాసార్లు ఝూట్ అని చెప్పడానికే ఈ రోజు కూర్చున్నాను. ఆ ఝూట్‌లో దుకాణందారు హిస్సా ఎంతో మన హిస్సా కూడా అంతే అని కూడా చెప్తాను. కోపమొస్తే రానివ్వండి.

మా ఇంట్లో 1990ల నాటి మారుతీ 800 ఉంది. కార్బురేటర్ బండి, ఏసీ ఉన్న మోడల్. "క్లాసిక్ కారంటే అంబాసిడరో, కాంటెస్సానో. 800 కూడా క్లాసిక్కేనా?" అని నవ్వేవాళ్లున్నారు. నవ్వుకోండి. 1983 డిసెంబర్‌లో ఇందిరాగాంధీ చేతుల మీదుగా మొదటి బండి తాళం ఇచ్చారు. 2014 జనవరిలో దాని తయారీ ఆగిపోయింది. నిజాం గారి రోల్స్ రాయిస్ చౌమహల్లాలో ఉంది, ఉండనివ్వండి. గోదావరిఖనిలో ఎంతోమంది బొగ్గు మనుషులు స్కూటర్ దిగి మొదటిసారి ఎక్కిన కారు మాత్రం 800. మాకు అదే విరాసత్. అబ్బా అండర్‌గ్రౌండ్‌లో మైనింగ్ సర్దార్‌గా చేసి రిటైరయ్యారు. ఆ బండి ఆయన చెమట. అమ్మే మాట ఇంట్లో ఎత్తనివ్వరు.

మే నెల. రామగుండం ఎండ గురించి మీకు చెప్పాలా? 45 డిగ్రీలంటే మాకు ఖబర్ కాదు. అబ్బాని కళ్ల డాక్టర్ దగ్గరికి కరీంనగర్ తీసుకెళ్లాలి. రాజీవ్ రహదారి మీద అరవై కిలోమీటర్లు, ముందు బొగ్గు లారీ, వెనక బూడిద లారీ. అద్దం దించితే దుమ్ము, ఎత్తితే తందూర్. ఆయనది ఏళ్ల తరబడి గని దుమ్ము తిన్న ఛాతీ, అద్దం దించే సవాలే లేదు. మాకు ఏసీ షౌక్ కాదు, జరూరత్.

ఆ ఒక్క సీజన్‌లో మూడు దుకాణాల్లో మూడుసార్లు గ్యాస్ పోయించాను. ప్రతిసారీ పద్దెనిమిది వందలకు అటూ ఇటూ. మూడోసారి పోయించి బయల్దేరితే, సుల్తానాబాద్ చేరకముందే లోపలికి లూ లాంటి గాలి మొదలైంది. అబ్బా తువ్వాలు తడిపి మొహం మీద వేసుకుని కూర్చున్నారు. ఒక్క మాట అనలేదు. ఆ ఖామోషీ నాకు ఇప్పటికీ యాదికుంది.

తిరిగొచ్చాక ఎవరో చెప్తే ఒక బుజుర్గ్ ఉస్తాద్ దగ్గరికి వెళ్లాం. బోర్డు లేదు, వేపచెట్టు నీడ ఉంది. ఇంజన్ స్టార్ట్ చేయించి ఏసీ ఆన్ చేయమన్నారు. క్యాబిన్ నుంచి కంప్రెసర్‌కి వచ్చే లావు పైపు పట్టుకున్నారు. నన్నూ పట్టుకోమన్నారు. ఐసులా ఉంది, చెమట కారుతోంది. "ఇప్పుడు లోపల గాలి చూడు" అన్నారు. చూశాను. ఉడుకు.

"పైపు ఠండా, గాలి గరమ్. గ్యాస్ దాని పని అది చేస్తుంది బేటా. ఈ గరమ్ ఎక్కడ కలుస్తుందో అది వెతకాలె" అన్నారు.

ఇంజన్ వెనక గోడలోంచి లోపలికి పోయే రెండు రబ్బరు పైపులున్నాయి. వాటిని ముట్టుకుంటే చెయ్యి కాలింది. డ్యాష్‌బోర్డు మీద లీవర్ చూస్తే పూర్తిగా నీలం వైపే ఉంది. అంటే హీటర్ బంద్ అని మనకు చెప్తోంది. లోపల మాత్రం బంద్ కాలేదు!

సంగతి ఏమిటంటే, హీటర్ అనేది చిన్న రేడియేటర్. ఇంజన్‌లో మరిగే నీళ్లు, దాదాపు 85-90 డిగ్రీల వేడివి, దాంట్లోకి పోతాయి. పోవాలా వద్దా అని చూసే దర్బాన్ పేరు హీటర్ కాక్, అంటే వాల్వ్. మన లీవర్‌కి, ఆ వాల్వ్‌కి మధ్య ఒక సన్నని తీగ. మా బండిలో క్లిప్ ఊడి తీగ జారిపోయింది, వాల్వ్ సగం తెరుచుకుని ఉండిపోయింది. ఏసీ చల్లబరిచిన గాలి ఆ చిన్న రేడియేటర్ మీదుగా వచ్చి మళ్లీ కాగుతోంది. ఒకే డబ్బాలో ఇటు ఐసు, అటు పొయ్యి. అందులో మూడుసార్లు కాదు ముప్పైసార్లు గ్యాస్ పోసినా ఏం ఫాయిదా?

మన ఇలాకాలో హీటర్ ఎవరికి కావాలి? చలికాలంలో కూడా దాని లీవర్ ముట్టం. ఏళ్ల తరబడి కదలక తీగ తుప్పు పడుతుంది, వాల్వ్ జామ్ అవుతుంది. ఎండల ఊళ్లో ఏసీకి దుష్మన్ ఎవరయ్యా అంటే, మనం ఉందన్న సంగతే మరిచిపోయిన హీటర్!

ఉస్తాద్ వాల్వ్‌ని చేత్తో మూసి, తీగ సరిచేసి, లీవర్ నీలం వైపు పెట్టి కొత్త క్లిప్ బిగించారు. పావుగంట పని. రెండు వందలు అడిగారు.

ఇక్కడ నా షర్మిందగీ రాయాలి. మూడు దుకాణాలకు ఐదువేల పైచిలుకు నోరు మూసుకుని ఇచ్చినవాణ్ని, ఆయన ముందు నోరు తెరిచాను. "చాచా, ఒక తార్ బిగించడానికి రెండు వందలా?" ఆయన ఏమీ అనలేదు. "నూటయాభై ఇవ్వు పో" అన్నారు. బండిలోంచి అబ్బా విన్నారు. కిటికీలోంచి చెయ్యి చాపి, తన జేబులోని యాభై నోటు ఆయన చేతిలో పెట్టారు.

ఇంటికొచ్చేదాకా ఆగి చెప్పారు. "గనిలో గ్యాస్ ఉందా లేదా అని దీపంతోని చూసేటోళ్లం. మంట తగ్గించి, దీపం మెల్లగ పైకప్పు దాకా లేపి, మంట మీద నీలం టోపీ కనవడుతుందా అని చూడాలె. దానికి పరీక్ష రాసి సర్టిఫికెట్ తెచ్చుకోవాలె. చూసింది రిపోర్ట్ బుక్కుల రాసి దస్తఖత్ పెట్టాలె. చూడకుండ 'గ్యాస్ లేదు' అంటే ఎందరి ప్రాణాలు పోతయో! ఆ చూసినందుకే నాకు జీతం ఇచ్చిన్రు బేటా. నేను తట్ట ఎత్తలే, సబ్బల్ పట్టలే. నా పని చూసుడే."

దోస్తులారా, నా ఫిర్యాద్ మొత్తం ఆ ఒక్క మాటలో ఉంది. చూసే పనికి మన దగ్గర ఖీమత్ లేదు.

గ్యాస్ గురించి కొంచెం ఇల్మ్ పంచుకుందాం. ఏసీ గ్యాస్ పెట్రోల్ కాదు, తిరిగితే ఖర్చయ్యేది కాదు. బంద్ గొట్టాల్లో తిరుగుతూ ఉంటుంది. ఏళ్ల మీద సీళ్లలోంచి, రబ్బరు పైపుల్లోంచి కొద్దికొద్దిగా జారుతుంది, అది వేరు. వారంలో తగ్గిందంటే లీక్ ఉన్నట్టే. లీక్ వెతక్కుండా పోయడమంటే చిల్లు కుండలో నీళ్లు పోయడమే.

ఇంకో తమాషా. ఆగి ఉన్న బండికి గేజ్ పెట్టి "దేఖో సాబ్" అని చూపిస్తారు. ఇప్పుడు వాడే 134ఏ గ్యాస్ 40 డిగ్రీల వేడిలో దాదాపు 130 పీఎస్‌ఐ చూపిస్తుంది. లోపల కాస్త ద్రవం మిగిలి ఉన్నా అంతే, నిండుగా ఉన్నా అంతే. ఆ ముల్లు చూసి ఎంత ఉందో చెప్పడం కుదరదు. సరైన తరీఖా ఏమిటంటే, ఉన్నది మెషీన్‌తో తీసి, వాక్యూమ్ పంపుతో తేమ లాగి, కంపెనీ చెప్పినన్ని గ్రాములు తూకం వేసి నింపడం. ఎక్కువ పోసినా ఠండక్ తగ్గుతుంది.

మరీ పాత బండ్లలో ఆర్-12 గ్యాస్ ఉండేది. ఓజోన్ పొరను తింటుందని 1987 మాంట్రియల్ ఒప్పందంతో దాన్ని ప్రపంచమంతా వదిలించుకుంది. ఆ బండ్లలో ఆయిల్, డ్రయర్ మార్చకుండా 134ఏ కొడితే కంప్రెసర్ ఎండిపోయి మరణిస్తుంది. పైగా ఈ 134ఏ భూమిని వేడి చేయడంలో బొగ్గుపులుసు వాయువు కంటే దాదాపు 1400 రెట్లు జాలిమ్. బొగ్గు ఊరివాళ్లం కదా, మన పొగ గురించి ఢిల్లీ దాకా బహస్ జరుగుతుంది. చెట్టు కింద ఫుస్సుమని వదిలే గ్యాస్ గురించి ఎవరూ అడగరు.

కాబట్టి సిలిండర్ ముట్టుకునే ముందు నబ్జ్ పట్టాలి. ఫ్యాన్ ఆఖరి స్పీడులో మాత్రమే తిరుగుతుందా? రెసిస్టర్ పోయింది. బటన్ నొక్కితే కంప్రెసర్ 'టక్' అనట్లేదా? ఫ్యూజ్, రిలే, థర్మోస్టాట్, ప్రెషర్ స్విచ్ చూడాలి. గ్యాస్ నిజంగా పోయినా ఆ స్విచ్ ఆపేస్తుంది, అప్పుడు లీక్ వెతకండి. మొదట్లో చల్లగా వచ్చి, గంట తర్వాత గాలే తగ్గిపోతుందా? లోపల ఐసు కడుతోంది, థర్మోస్టాట్ సంగతి. రోడ్డు మీద ఠండా, చౌరస్తాలో ఆగితే గరమ్ అంటే ముందున్న కండెన్సర్ ఫ్యాన్ చూడాలి. దాని రేకుల్లో మన ఊరి బొగ్గు దుమ్ము చేరి ఉంటుంది, మెల్లగా నీళ్లతో కడగాలి. ఏసీ వేయగానే ఇంజన్ ఆగిపోతుందా? కార్బురేటర్ దగ్గర ఐడిల్ పెంచే వాక్యూమ్ గొట్టం పగిలిందేమో చూడాలి. ఇందులో చాలావాటికి గ్యాస్‌తో ఏ తాలూఖ్ లేదు.

"పొట్టకూటి కోసం తిప్పలు పడే పిల్లలను తిడతావేంది?" అంటారు. నేను వాళ్లను తిట్టట్లేదు. వాళ్లలో సగం మన గల్లీ పిల్లలే. పదో తరగతి దగ్గర బడి మానేసి పాన పట్టినవాళ్లు. వాళ్లకు పోయడం నేర్పారు, చూడడం ఎవరూ నేర్పలేదు. చూడడం నేర్చినవాడికి మనం ఏం ఇస్తున్నాం? గంటసేపు వెతికి "క్లిప్ ఊడింది" అంటే ఇరవై రూపాయలు. చూడకుండా సిలిండర్ తిప్పితే పద్దెనిమిది వందలు. సూది వేయకపోతే డాక్టర్ ఫీజు దండగ అనుకునే జనం మనం! ఈమాన్‌దారీకి నష్టం, ఝూట్‌కి ఇనామ్ మనమే ఫిక్స్ చేసి, తర్వాత మెకానిక్‌లందరూ చోర్లు అని తిరగడం ఎక్కడి ఇన్సాఫ్?

"పాత డబ్బా అమ్మి కొత్తది కొను" అనేవాళ్లకు ఒకటే జవాబ్. కొత్త బండిలో తీగ బదులు మోటారు ఉంటుంది, లీవర్ బదులు బటన్ ఉంటుంది. మర్జ్ అక్కడా వస్తుంది, కంటికి కనబడదు, అంతే. చూడకుండా చెప్పేవాడు అక్కడ ఇంకా పెద్ద బిల్లు వేస్తాడు.

నా గుజారిష్ మూడు మాటలు. దుకాణంలో ముందే చెప్పండి: "మొదట చూడు, చూసినందుకు వేరే ఇస్తా." ఏం చూశాడో, ఎన్ని గ్రాములు పోశాడో చిట్టీ మీద రాయించుకోండి, గనిలో రిపోర్ట్ బుక్ లాగా. నెలకోసారి హీటర్ లీవర్‌ని ఆ కొస నుంచి ఈ కొసకు జరపండి. మా ఇంట్లో ఆ పని అబ్బాది. జుమ్మా రోజు బండి తుడిచి, లీవర్ జరిపి, "చూసిన" అంటారు.

మళ్లీ ఎవరైనా బానెట్ లేపీ లేపకముందే "గ్యాస్ కమ్ హై సాబ్" అంటే కొట్లాడకండి. ఒక్కటే అడగండి: "దేఖే క్యా?"