తీగ వస్తే చాలదు, సినిమా ఆగకుండా రావాలి

కోట: కోరిన సినిమాను కోరిన వేళకు ఇంటి టీవీలో చూసే సౌకర్యం పట్నాలకు కొత్త కాదు. పల్లెలకూ అది అందాలంటే తీగ లాగితే సరిపోతుందా అన్నది కోట వంటి తీర మండలాల ముందున్న ప్రశ్న.

ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్‌ను 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. నెలకు 149 రూపాయలకే ఇంటర్నెట్, టీవీ చానళ్లు, టెలిఫోను ఇస్తామన్నారు. ఖర్చు తగ్గుతుందని గాజు తీగను కరెంటు స్తంభాల మీదుగా లాగారు. 2023 జూన్ 2న ‘ఫస్ట్ డే ఫస్ట్ షో’ మొదలైంది. 99 రూపాయలు కడితే విడుదల రోజునే కొత్త సినిమాను 24 గంటలపాటు ఇంట్లో చూడవచ్చన్నది ఆ పథకం.

చానల్ వేరు, కోరిన సినిమా వేరు

చానల్ గుడి మైకు వంటిది. ఒక్క పాట వేస్తే ఊరంతా వింటుంది. 200 ఇళ్లు ఒకే చానల్ చూసినా పైనుంచి ఒక్క ధారే వస్తుంది. కోరిన సినిమా అలా కాదు. ఒకరు 7 గంటలకు పెడతారు, మరొకరు 8కి. ఇంకొకరు నడుమ ఆపి భోజనానికి లేస్తారు. అందుచేత ప్రతి ఇంటికీ వేరే ధార కావాలి.

బొమ్మ స్పష్టంగా రావడానికి ఒక ఇంటికి సెకనుకు 4 మెగాబిట్లు అనుకుందాం. మండలానికి వచ్చే దారి 1,000 మెగాబిట్లదైతే 250 ఇళ్లతోనే నిండిపోతుంది. ఊళ్లోని దారి అంత ఇరుకు కాదు. ఒక గాజు పోగును 64 ఇళ్లకు పంచినా అది సుమారు 2,500 మెగాబిట్లు మోయగలదు. ఆ ఇళ్లన్నిటికీ కావలసింది 256 మాత్రమే. చిక్కంతా పైదారిలోనే వున్నది.

చెరువు పద్ధతే మేలు

సోమశిల నుంచి ప్రతి మడికీ వేరే కాలువ ఎవరూ తవ్వరు. చెరువు నింపి అక్కడినుంచి పారించుకుంటారు. సినిమాకూ అదే ఉపాయం. రెండున్నర గంటల సినిమా సుమారు నాలుగున్నర గిగాబైట్లు. రద్దీ లేని అర్ధరాత్రి ఒక్కసారి తెచ్చి మండల కేంద్రంలో దాచుకుంటే, ఎన్ని ఇళ్లు కోరినా అక్కడినుంచే ఇవ్వవచ్చు. వెయ్యి సినిమాలకు 4,500 గిగాబైట్లు చాలు. ఒకేసారి వందల ఇళ్లకు అందించడానికీ, ఒకటి చెడితే మరొకటి ఆదుకోవడానికీ నాలుగైదు డిస్కులు పెట్టుకోవాలి. నెట్‌ఫ్లిక్స్ సంస్థ 2012 నుంచే ఇలా ప్రతులను ప్రేక్షకుల దగ్గర దాచుతున్నది.

నిర్మాతలకు దొంగ ప్రతుల భయం అక్కరలేదు. దాచిన ప్రతికి తాళం వుంటుంది. డబ్బు కట్టిన ఇంటికే కేంద్రం నుంచి తాళంచెవి వస్తుంది.

గాలివాన మాటేమిటి?

2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను ఈ తీరం పొడవునా సాగింది. అటువంటి గాలికి స్తంభం కూలితే కరెంటుతోపాటు తీగా తెగుతుంది. కనుక మండల కేంద్రానికి రెండో దారి, బ్యాటరీ తప్పనిసరి.

ఇది వినోదానికే పరిమితమైన విషయం కాదు. పదో తరగతి పాఠం, రైతుకు పైరు సలహా అదే పెట్టెలోనుంచి రావచ్చు. ఎన్ని ఇళ్లకు కనెక్షన్ ఇచ్చారన్న లెక్కతో అధికారులు తృప్తి పడరాదు. రాత్రి 9 గంటలకు ఎన్ని ఇళ్లలో బొమ్మ ఆగకుండా నడిచిందో ఆ లెక్కే ప్రజలు అడగాలి.