పిండికి ఈస్టు వుంది, ఇంటికి లేదు



ఇంటి పని తప్పించుకోవటానికి పిల్లలకు తెలిసినన్ని ఉపాయాలు పెద్దలకు తెలియవు. అమ్మ చీపురు చేతికి తీసుకోగానే ఒకడు లెక్కల పుస్తకం తెరుస్తాడు. బట్టలు మడత పెట్టమనగానే ఒక అమ్మాయికి కడుపునొప్పి వస్తుంది. అన్నిటికన్నా గట్టి ఉపాయం ఏమిటో తెలుసా? తానూ ఏదో పనిలో వున్నట్టు కనిపించటం. పనిలో వున్నవాడికి ఎవరూ ఇంకో పని చెప్పరు గదా!

ఆ లెక్కన పిజ్జా పిండి కలపటం చాలా మంచి సాకు. చేతుల నిండా పిండి అంటుకుని వుంటుంది. "నేను వంట చేస్తున్నానమ్మా!" అంటే ఎవరు కాదంటారు? అయితే ఈ సాకు ఎంతసేపు నిలుస్తుందో ఈ నెల లెక్క వేసి చూద్దాం. లెక్క వెయ్యాలంటే ముందు పిండి కలపాలి.

మైదాపిండి 400 గ్రాములు, నీళ్ళు 270 మిల్లీలీటర్లు, ఉప్పు ఒకటిన్నర చిన్న చెంచాలు, దుకాణాల్లో ఇన్‌స్టంట్ ఈస్టు అని అమ్మే పొడి పావు చెంచా తీసుకోండి. ఒక పెద్ద గిన్నెలో పిండి, ఉప్పు, ఈస్టు వేసి కలపండి. తరవాత నీళ్ళు పొయ్యండి. వేన్నీళ్ళు మాత్రం పొయ్యవద్దు. నీరు బాగా వేడిగా వుంటే ఈస్టు చచ్చిపోతుంది. గరిటె కాడతో తిప్పి, పొడిపిండి ఎక్కడా కనపడకుండా చెయ్యండి. ముద్ద జిగటగా, గరుకుగా, చూడటానికి ఏమీ బాగుండదు. ఫరవాలేదు. గిన్నె మీద పళ్ళెం మూసి పక్కన పెట్టండి.

అంతే! పిండి పిసకలేదేమని అడుగుతారా? పిసకనక్కరలేదు. అదే ఇందులో తమాషా.

ఎందుకు అక్కరలేదో తెలియాలంటే ఒక చిన్న పరీక్ష చెయ్యండి. కొంచెం మైదాలో నీళ్ళు మాత్రమే పోసి, నిమ్మకాయంత ముద్ద గట్టిగా కలిపి, అరగంట వుంచండి. తరవాత ఆ ముద్దను గిన్నెడు నీళ్ళలో పెట్టి మెల్లగా పిసుకుతూ వుండండి. నీళ్ళు పాలలాగా తెల్లబడతాయి. ఆ తెల్లనిది పిండిపదార్థం. నీళ్ళు మార్చి మార్చి కడిగితే చివరకు మీ చేతిలో రబ్బరులాగా సాగే జిగురు ముద్ద మిగులుతుంది. దానికే గ్లూటెన్ అని పేరు. ఇటలీలో బొలోన్యా నగరంలో వుండిన బెక్కారి అనే ఆచార్యుడు గోధుమపిండి నుంచి ఈ జిగురును ఇట్లాగే వేరుచేసి చూపాడు. ఆయన రాసినది 1745లో అచ్చయింది.

గోధుమలో వుండే మాంసకృత్తులు నీళ్ళు తగలగానే ఒకదానికొకటి అతుక్కుని, వలలాగా అల్లుకుంటాయి. అదే గ్లూటెన్. చపాతీ పిండిని పిసికినప్పుడు అమ్మ చేతి బలంతో ఆ వల త్వరగా తయారవుతుంది. కాని నీళ్ళు కాస్త ఎక్కువ పోసి గంటల తరబడి వదిలేస్తే, ఆ వల దానంతట అదే అల్లుకుంటుంది. చెయ్యి చేసే పనిని కాలం చేస్తుందన్నమాట.

కాలానికి తోడు ఈస్టు కూడా వుంది. ఈస్టు కంటికి కనపడనంత చిన్న జీవి. బూజు, పుట్టగొడుగుల జాతికి చెందినది. అది పిండిలోని చక్కెరను తిని బొగ్గుపులుసు వాయువును వదులుతుంది. ఆ వాయువు గ్లూటెన్ వలలో చిక్కుకుని బుడగలవుతుంది. బుడగలు పెరిగేకొద్దీ పిండి పొంగుతుంది, వల ఇంకా సాగుతుంది. పులియటం అనేది ప్రాణమున్న సూక్ష్మజీవులు చేసే పని అని ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు లూయీ పాశ్చర్ 1857 నుంచి వరుసగా చేసిన పరిశోధనల్లో చూపాడు. మన ఇళ్ళలో ఇడ్లీపిండి పొంగటం కూడా ఇటువంటిదే. అందులో మనం ఈస్టు వెయ్యం. మినప్పప్పును అంటిపెట్టుకుని వచ్చే బాక్టీరియాలు ముఖ్యంగా ఆ పని చేస్తాయి.

పిసకకుండా రొట్టె చేసే ఈ పద్ధతికి న్యూయార్కులో రొట్టెలు కాల్చే జిమ్ లేహీ వల్ల చాలా పేరు వచ్చింది. 2006 నవంబరులో ఆయన పద్ధతి అక్కడి న్యూయార్క్ టైమ్స్ పత్రికలో వచ్చాక లోకమంతా ఎంతోమంది చేసి చూశారు. ఆయన పిండిని 12 గంటలకు పైగా వదిలేస్తాడు. మన ఎండలకు అంతసేపు అక్కరలేదు. వేసవిలో 6 నుంచి 8 గంటలు చాలు. చలికాలంలో రాత్రి కలిపి పొద్దున చూడవచ్చు. గడియారాన్ని కాదు, గిన్నెను చూడండి. పిండి రెండింతలై, పైన బుడగలు కనిపిస్తే సిద్ధమైనట్టే.

ఇప్పుడు మన లెక్కకు వద్దాం. ఒక కాగితం మీద నిలువుగా ఒక గీత గీసి, ఒక పక్క "నేను" అని, రెండో పక్క "పిండి" అని రాయండి. కొలవటం 5 నిమిషాలు, కలపటం 3 నిమిషాలు, ముద్దలు చెయ్యటం 5 నిమిషాలు, పిజ్జాలు పరచటం 7 నిమిషాలు. మీ పక్క 20 నిమిషాలు. పిండి పొంగటానికి 8 గంటలు, ముద్దలు సేద తీరటానికి అరగంట. పిండి పక్క 510 నిమిషాలు! ఇక "నేను పొద్దుటినుంచీ వంట చేస్తున్నాను" అని అమ్మతో ఎట్లా అనగలరు? పొద్దుటినుంచీ వంట చేసింది ఈస్టు. మీరు దాని యజమాని మాత్రమే!

బద్ధకం అంతా చెడ్డది కాదు. అందులో రెండు రకాలున్నాయి. మీరు పిండి పిసకటం మానేశారు. ఆ పని ఎవరి నెత్తినా పడలేదు. కాలమే దాన్ని చేసిపెట్టింది. ఇది తెలివిగల బద్ధకం. మీరు గది ఊడవటం మానేశారనుకోండి. ఆ గది ఎన్ని గంటలు వూరుకున్నా తనంతట తాను శుభ్రపడదు. పిండికి ఈస్టు వుంది, ఇంటికి లేదు! ఆ గదిని ఎవరో ఒకరు ఊడుస్తారు. సాధారణంగా అది ఎవరో మీకు తెలుసు. మీరు పని తగ్గించలేదు, అమ్మ చేతికి మార్చారు. అందుచేత ఏ పనైనా వదిలేసే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: "ఈ పని పోయిందా, లేక ఇంకొకరి దగ్గరికి పోయిందా?"

పిండి పొంగాక గిన్నెలోంచి పొడిపిండి చల్లిన పీట మీదికి దించి, 4 భాగాలు చేసి, గుండ్రని ముద్దలుగా చుట్టండి. తడిగుడ్డ కప్పి అరగంట వుంచండి. తరవాత వేళ్ళతో మధ్యనుంచి అంచులవైపుకు నొక్కుతూ పరచండి. అంచు కొంచెం మందంగా వుంటే బాగా పొంగుతుంది. పిజ్జాకు పుట్టినిల్లయిన నేపుల్స్ నగరంలో పిజ్జా చేసేవాళ్ళు ఇప్పటికీ చేతులతోనే పరుస్తారు. వారి విద్యను యునెస్కో 2017లో మానవజాతి వారసత్వంగా గుర్తించింది. అక్కడి కట్టెల పొయ్యి 400 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. పిజ్జా ఒకటిన్నర నిమిషంలో కాలిపోతుంది. మన ఇంటి ఓవెన్‌లో అంత వేడి రాదు కనుక, దాన్ని 250 డిగ్రీలకు బాగా వేడిచేసి, సుమారు 10 నిమిషాలు కాల్చాలి. ఓవెన్ లేకపోతే దిగులుపడకండి. ఇనప పెనం మీద ఒక వైపు కాల్చి, తిరగవేసి, పైన టమాటా గుజ్జు, చీజ్ వేసి, సన్నని సెగ మీద చీజ్ కరిగేదాకా మూత పెట్టండి. పొయ్యి దగ్గర మాత్రం పెద్దవాళ్ళు ఎవరైనా తోడు వుండాలి.

ఒక పని మిగిలింది: గిన్నె. పిండి అంటుకున్న గిన్నెలో వేన్నీళ్ళు పోస్తే పిండి ఉడికి జిగురై మరీ పట్టుకుంటుంది. చన్నీళ్ళు పోసి పావుగంట నానబెడితే సులువుగా వూడి వస్తుంది. ఇక్కడ కూడా నీళ్ళూ కాలమూ మీకు సాయం చేస్తాయి. కాని చివరకు తోమవలసింది మీరే!

పెద్దలకు ఒక మాట. పిల్లలు నేలమీద పిండి చల్లితే కోప్పడకండి. చీపురు ఎక్కడుందో చూపండి. "నీవల్ల కాదులే" అని గిన్నె లాక్కోకండి. పిజ్జా కొడుకు చేస్తే అంట్లు కూతురు తోమాలన్న నియమం ఇంట్లో వుంటే దాన్ని ఈ నెలతో ఆపండి. ఎవరు కలిపిన గిన్నె వారే కడగాలి.

పిల్లలూ, వచ్చే ఆదివారం పొద్దున్నే పిండి కలపండి. పిండి పొంగేలోగా ఇల్లు ఊడ్చి, బట్టలు మడత పెట్టండి. ఇంకా ఆడుకోవటానికి ఎంత సమయం మిగిలిందో మీ కాగితం మీద రాసుకోండి. సాయంత్రం మొదటి ముక్క ఎవరికి పెట్టాలో మీకు నేను చెప్పనక్కరలేదు.