పెంకుటిల్లు ఎప్పుడు విప్పవలెను?



మా బరంపురములో తెలుగువారి పాత పెంకుటిండ్లు కొన్నింటిని అప్పుచేసి విప్పించి, రేకులు వేయించుచున్నారు. ఎండకాలము ఆ రేకుల క్రింద ఉడికిపోవుచున్నారు. కారణమడిగితే “కారుచున్నది” అందురు. కారుట ఒక్కటే కారణము కాదని నా అనుభవము.

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాల్‌పూరు వద్ద తీరము దాటినప్పుడు మా ఇంటి పెంకు చాలవరకు లేచిపోయినది. గదులన్నీ చెరువులైనవి. మేస్త్రీ కప్పంతా తీసివేయమన్నాడు. వాసములను కఱ్ఱతో తట్టి చూచితిని. ఎక్కడా డొల్ల మ్రోత లేదు. పగిలిన పెంకు మార్పించి, తిరగనేయించితిని. కప్పు నిలిచినది.

అదే ఇంట గత వానకాలములో ఒక్క చుక్కయు కారలేదు. కాని వీధిలో నిలిచి చూడగా కొప్పు నడుమ కొంచెము కుంగినట్లు తోచినది. దూలము గోడలోనికి పోయిన చోట మేకుతో పొడిచితే పిండి రాలినది. లోపలంతా చెద! దాని క్రిందనే మనుమలు పండుకొనుచుండిరి. ఆ వారమే ఆ భాగము విప్పించి కొత్త దూలము వేయించితిని.

కనుక తోటివారికి మనవి: పెంకు చెడితే పెంకు మార్చుకొనుడు. కొయ్య చెడితే మాత్రము ఒక్క వానకైనను ఆగవలదు. ఏటేటా తొలకరికి ముందే కొప్పు వంపు, వాసముల మ్రోత, దూలముల కొనలు స్వయముగా చూచుకొని, ఆ పిమ్మట మేస్త్రీని పిలువుడు.

బరంపురము — ఒక పెంకుటింటి కాపురస్థుడు