వేపాకు చేదుగానే ఉంది కదా, మరి విషం ఎలా ఎక్కింది?



వానాకాలం వచ్చిందంటే మా మిరుదొడ్డి ప్రాంతంలో వరి నాట్లు, పత్తి చేలలో కలుపుతీత, మక్కచేల కావలి ఒకదాని వెంట ఒకటి వచ్చిపడతాయి. కూడవెల్లి వాగు పరిసరాల్లో చీకటిపడ్డాక కూడా పొలం గట్ల మీద మనుషుల అలికిడి ఉంటుంది. పాముకాట్లు పెరిగేదీ ఈ నెలల్లోనే. అందుచేత ఈసారి పాముల గురించి అందరూ అడిగే కొన్ని ప్రశ్నలను తీసుకుంటున్నాను. ఇటువంటివి కాలక్షేపానికి పనికివచ్చే వింతలని చాలామంది అనుకుంటారు. నా అభిప్రాయం అది కాదు. పిల్లవాడు అడిగిన 'ఎందుకు?' అనే ప్రశ్నకు ఇంట్లో సరైన జవాబు దొరికిందా లేదా అన్నదాని మీద ఒక్కొక్కసారి ప్రాణం ఆధారపడి ఉంటుంది.

ముందుగా సులువైన ప్రశ్నలు. పాము పాలు తాగుతుందా? పాము మాంసాహారి. ఎలుకలు, కప్పలు, బల్లులు దాని ఆహారం. పాలను జీర్ణం చేసుకునే ఏర్పాటు దాని శరీరంలో లేదు. పండుగకు ముందు కొన్ని రోజులు నీళ్లు లేకుండా బుట్టలో బంధించిన పాము, దాహం తట్టుకోలేక ఎదురుగా ఉన్న ద్రవం ఏదైనా తాగుతుంది. దానిని మనం భక్తికి మెచ్చి తాగిందని భావిస్తాము.

పాము నాగస్వరం వింటుందా? దానికి బయటి చెవులు లేవు. లోపలి చెవి మాత్రం ఉంది. నేలలోని ప్రకంపనలు దవడ ఎముక ద్వారా అక్కడికి చేరుతాయి. పాములవాడి ముందు పడగ ఊపేది పాటకు కాదు, అతని చేతి కదలికకు. ఈ జవాబులో మనకు పనికివచ్చే విషయం ఒకటుంది. చీకట్లో గట్టు మీద నడిచేటప్పుడు కర్రతో నేలను తాటిస్తూ వెళితే పాము ముందుగానే పసిగట్టి తప్పుకునే అవకాశం ఎక్కువ. మన పెద్దలు చేతికర్ర పట్టుకున్నది ఊరికే కాదు.

చచ్చిన పాము కరుస్తుందా? కరవగలదు. తల తెగిన తరువాత కూడా కొంతసేపు దాని దవడ కండరాలు అసంకల్పితంగా పనిచేస్తాయి. కాబట్టి కరిచిన పామును వెతికి చంపి, సంచిలో వేసుకుని ఆసుపత్రికి తేవలసిన పనిలేదు. ఆ వెతుకులాటలో కాలం వృథా అవుతుంది. రెండో మనిషి కాటుకు గురయ్యే ప్రమాదం కూడా ఉంది.

ఇక అసలు ప్రశ్నకు వస్తాను. 'మంత్రం వేస్తే ఫలానా వాడు బతికాడు, నా కళ్లతో చూశాను. దానికేమంటారు?' ఈ మాట నా ఉద్యోగ జీవితమంతా విన్నాను. అన్నవాడు అబద్ధం చెప్పడం లేదు. అతను చూసినది నిజమే. దానికి కారణం మాత్రం వేరు. మన దేశంలో 300కు పైగా పాము జాతులున్నాయి. మరణాలలో అధికభాగానికి నాలుగే కారణం: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర. జెర్రిపోతు, నీరుకట్టె వంటివి కరిస్తే గాయమే తప్ప ప్రాణాపాయం లేదు. పైగా విషసర్పం కూడా కరిచిన ప్రతిసారీ విషం వదలదు. ఈ రెండు రకాల కాట్లలోనూ మంత్రం వేసినా బతుకుతారు, వేయకపోయినా బతుకుతారు. బతికినవాడి కథ ఊరంతా తిరుగుతుంది. చనిపోయినవాడి విషయంలో 'ఆయువు తీరింది' అని సరిపెట్టుకుంటారు. ఈ లెక్కలో మంత్రం ఎన్నటికీ ఓడిపోదు.

వేపాకు పరీక్ష దీనికంటే ప్రమాదకరమైనది. పాము కరిచిందన్న అనుమానం రాగానే వేపాకో మిరపకాయో నమిలించి, చేదు, కారం తెలిస్తే విషం లేదని, తెలియకపోతే విషం ఎక్కిందని తేల్చే అలవాటు మన పల్లెల్లో ఉంది. చాలా ఏళ్ల క్రితం ఒక తెల్లవారుజామున ఒక యువకుణ్ణి బండి మీద మా ఆసుపత్రికి తెచ్చారు. రాత్రి నేల మీద పడుకున్నాడు. ఏదో కుట్టినట్టయి లేచాడు. వేపాకు నమిలించారు. చేదుగా ఉందన్నాడు. అందరూ ఊపిరి పీల్చుకుని మళ్లీ పడుకున్నారు. కొన్ని గంటలకు కడుపునొప్పి అన్నాడు. తరువాత కనురెప్పలు వాలిపోయాయి, గుటక పడలేదు. మా దగ్గరికి చేరేసరికి శ్వాస ఆగిపోయింది. ఎంత ప్రయత్నించినా ఫలితం లేకపోయింది.

బయట అతని తమ్ముడు నన్ను అడిగాడు. పన్నెండేళ్లుంటాయేమో. 'చేదుగనే ఉన్నదన్నడు గద సారూ, మరి విషం ఎట్ల ఎక్కింది?'

'ఇవన్నీ మూఢనమ్మకాలు, వెంటనే తేవలసింది' అని నేను విసుగ్గా అన్నాను. అది జవాబు కాదని ఇంటికి వెళ్లాక తెలిసింది. ఆ పిల్లవాడు శాస్త్రవేత్త అడగవలసిన ప్రశ్న అడిగాడు. పరీక్ష చేశాము, ఫలితం వచ్చింది, అది ఎందుకు తప్పింది? ఆ రోజు నేను ఇవ్వని జవాబు ఇది.

అన్ని లక్షణాలనూ బట్టి అది కట్లపాము కాటు. దాని కోరలు చిన్నవి. నొప్పి, వాపు దాదాపు ఉండవు. కాటు గుర్తు కూడా ఒక్కోసారి కనిపించదు. దాని విషం నాలుక రుచిని తీసివేయదు. నరం నుండి కండరానికి వెళ్లే ఆజ్ఞను నరం చివరనే ఆపివేస్తుంది. మొదట కనురెప్పలు, తరువాత గొంతు, చివరకు శ్వాసకు తోడ్పడే కండరాలు పడిపోతాయి. అంతవరకు నాలుకకు చేదు తెలుస్తూనే ఉంటుంది. గుటకపడని ఆ స్థితిలో పసరు పోస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

మరి సరైన పరీక్ష లేదా అంటే, ఉంది. అదీ వేపాకంత చవకైనదే. పింజర విషం రక్తం గడ్డకట్టే గుణాన్ని హరిస్తుంది. అందుకని రోగి రక్తం 2 మిల్లీలీటర్లు శుభ్రమైన, పొడి గాజు గొట్టంలో పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి, తరువాత వంచి చూస్తారు. గడ్డకట్టకుండా జారితే విషం పనిచేస్తున్నట్టే. కట్లపాము, నాగుపాముల విషయంలో ఈ పరీక్ష సరిపోదు. అందుకే గడ్డకట్టినా రోగిని ఇంటికి పంపకుండా కనురెప్పలను, శ్వాసను 24 గంటలు గమనిస్తారు. తన పరీక్ష ఎక్కడ పనిచేయదో కూడా చెప్పగలగడమే శాస్త్రానికీ నమ్మకానికీ ఉన్న తేడా.

2000 నుండి 2019 వరకు ఇరవై ఏళ్లలో మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని 2020లో వెలువడిన ఒక విస్తృత అధ్యయనం అంచనా వేసింది. అంటే ఏటా సగటున 58 వేల మంది. మరణాలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాలలో తెలంగాణ కలిసి ఉన్న నాటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. మృతులలో అత్యధికులు పల్లెవాసులు, ఎక్కువమంది ఆసుపత్రి బయటే ప్రాణాలు విడిచారు. 2030 నాటికి ఈ మరణాలను సగానికి తగ్గించాలని కేంద్ర ప్రభుత్వం 2024లో కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. మందు ఉంది. ఈ నాలుగు పాముల విషానికీ కలిపి పనిచేసే ఇంజెక్షన్ మన దేశంలోనే, గుర్రాల రక్తం నుండి తయారవుతుంది. అయితే అది రక్తంలో తిరుగుతున్న విషాన్ని మాత్రమే పట్టుకోగలదు. నరాన్ని అప్పటికే దెబ్బతీసిన విషాన్ని వెనక్కి తీయలేదు. వేపాకు దగ్గర, మంత్రం దగ్గర పోగొట్టుకున్న గంటల విలువ అదే.

కాబట్టి నేను కోరేది ఇది. మంత్రగాణ్ణి వెక్కిరించడం వల్ల ఒక్క ప్రాణం కూడా దక్కదు. మంత్రం ఎందుకు పనిచేసినట్టు కనిపిస్తుందో, వేపాకు ఎందుకు మోసం చేస్తుందో చెప్పాలి. మన పాఠశాలల్లో వానాకాలం ప్రారంభంలో ఒక్క గంట ఈ ప్రశ్నలకే కేటాయించాలని ఉపాధ్యాయ మిత్రులను అర్థిస్తున్నాను. పిల్లలకు అర్థమైతే రాత్రిపూట ఇంట్లో పెద్దలను నిలదీసేది వాళ్లే.

ఈ నాలుగు మాటలు ఇంట్లో అందరికీ చెప్పండి. నేల మీద పడుకోవద్దు, తప్పనిసరైతే దోమతెర అంచులు పరుపు కిందికి దోపండి. కాటు అనుమానం ఉంటే మనిషిని నడిపించకుండా, కరిచిన కాలిని లేదా చేతిని కదలనివ్వకుండా 108కు ఫోన్ చేయండి. తాడుతో బిగించి కట్టడం, కోయడం, నోటితో పీల్చడం, పసరు పోయడం వద్దు. రాత్రి నేల మీద పడుకున్న మనిషి తెల్లవారి కడుపునొప్పి అంటూ కనురెప్పలు ఎత్తలేకపోతే, కాటు గుర్తు కోసం వెతుకుతూ కూర్చోకండి. వెంటనే ఆసుపత్రికి బయలుదేరండి.